లద్దాఖ్ పటాలు బల్ల మీదికి రావాలి

భారత్, చైనా సరిహద్దు సమస్యపై ప్రత్యేక ప్రతినిధుల 24వ విడత చర్చలు 2025 ఆగస్టు 19న దిల్లీలో జరిగాయి. మన తరఫున జాతీయ భద్రతా సలహాదారు అజిత్ డోభాల్, చైనా తరఫున విదేశాంగ మంత్రి వాంగ్ యీ కూర్చున్నారు. వాంగ్ యీ పర్యటనలో పతాక శీర్షికలకు ఎక్కినవి వేరే సంగతులు: రెండు దేశాల మధ్య నేరుగా విమానాలు, లిపులేఖ్, షిప్కీ లా, నాథూ లా కనుమల మీదుగా సరిహద్దు వ్యాపారం, కైలాస మానససరోవర యాత్ర. అవన్నీ కావలసినవే. అయితే అసలు సంగతి ఎవరూ పెద్దగా పట్టించుకోని ఒక అంశంలో ఉంది. సరిహద్దులో ఏ ముక్క ముందుగా తేలుతుందో పరిశీలించడానికి నిపుణుల బృందాన్ని వేయాలని ఇద్దరూ ఒప్పుకున్నారు. దౌత్యవేత్తలు దీన్ని ‘ఎర్లీ హార్వెస్ట్’ (ముందస్తు పంట) అంటున్నారు. ఇరవై ఏళ్లుగా కదలని బండి కాస్త కదిలిందని సంతోషించవచ్చు. కానీ ఆ నిపుణుల ముందు ఏ పటాలు పెడతారన్నది తేలకుండా ఈ సంతోషం ఎక్కువ కాలం నిలవదు.

ఎందుకంటే ఈ వివాదంలో రెండు వేర్వేరు ప్రశ్నలు ఉన్నాయి. న్యాయంగా ఎవరి భూమి ఎంతవరకు అన్నది ఒకటి. అది ఆక్సాయ్ చిన్‌లో 38 వేల చదరపు కిలోమీటర్ల మాట, అరుణాచల్‌లో చైనా తనదనే 90 వేల చదరపు కిలోమీటర్ల మాట. ఈ రోజు ఎవరి సైన్యం ఎక్కడిదాకా ఉంది అన్నది రెండోది. అదే వాస్తవాధీన రేఖ. మొదటి ప్రశ్నకు జవాబు దొరకడానికి తరాలు పట్టవచ్చు. రెండో ప్రశ్నకు జవాబు లేకపోవడం వల్లనే జవాన్లు చనిపోతున్నారు.

ఆ రేఖ ఎంత పొడవన్నదానిలోనే ఇద్దరి లెక్కలకూ పొంతన లేదు. మన లెక్క 3,488 కిలోమీటర్లు. చైనా మాత్రం సుమారు 2,000 అంటుంది. మనవైపు లెక్కలో పశ్చిమ విభాగం, అంటే లద్దాఖ్, 1,597 కిలోమీటర్లు. హిమాచల్, ఉత్తరాఖండ్‌లతో కూడిన మధ్య విభాగం 545. సిక్కిం, అరుణాచల్ కలిసి 1,346. ఈ రేఖకు కంచె లేదు, రాళ్లు లేవు. ఇద్దరూ ఒప్పుకుని సంతకం చేసిన పటం కూడా లేదు. పాంగాంగ్ సరస్సు ఉత్తరపు గట్టున కొండ కొనలు వేళ్లలా నీళ్లలోకి చొచ్చుకొస్తాయి. ఎనిమిదో వేలు దాకా మనదని మనం అంటాం, నాలుగో వేలు దాకా తమదని వాళ్లు అంటారు. 2020కి ముందు రెండు సైన్యాలూ ఆ మధ్య మేరలో వంతులవారీగా గస్తీ తిరిగేవి. ఒక గస్తీ దళం వెళ్లి, తాము వచ్చి వెళ్లామన్నదానికి గుర్తుగా ఖాళీ సిగరెట్ పెట్టెలో, తిండి డబ్బాలో వదిలి వచ్చేది. తర్వాత వచ్చిన అవతలి దళం అవి తీసేసి తమవి పెట్టేది. పద్నాలుగు వేల అడుగుల ఎత్తున రెండు అణ్వస్త్ర దేశాలు హద్దును నమోదు చేసుకున్న తీరు ఇది. ఊళ్లో గట్టు తగాదా వస్తే పెద్దమనుషులు మొదట చేసే పని సర్వే రాయి ఎక్కడుందో వెతకడం. ఇక్కడ ఆ రాయి పాతనే లేదు.

పాతడానికి ప్రయత్నాలు జరగకపోలేదు. 1960 ఏప్రిల్‌లో చైనా ప్రధాని చౌ ఎన్ లై దిల్లీ వచ్చారు. తూర్పున మేం సర్దుకుంటాం, పడమట ఆక్సాయ్ చిన్ సంగతి మీరు సర్దుకోండి అన్న ధోరణిలో మాట్లాడారు. అప్పటికి లాంగ్జూ, కొంగ్కా లా ఘర్షణలు జరిగి ఏడాది కాలేదు. ఆక్సాయ్ చిన్ గుండా చైనా రోడ్డు వేసిందన్న కోపంతో పార్లమెంటు అట్టుడుకుతోంది. నెహ్రూ ఒప్పుకోలేదు. ఆ స్థితిలో ఏ ప్రధాని అయినా ఒప్పుకోగలిగేవారని నేను అనుకోను. ఆ ఏడాదే బర్మాతో చైనా సరిహద్దు ఒప్పందం చేసుకుంది. అక్కడ, అరుణాచల్‌కు హద్దుగా మనం చెప్పే మెక్‌మహాన్ రేఖ పేరెత్తకుండానే దాదాపు ఆ గీతనే ఆమోదించింది. చైనాకు గీత మీద అంత పట్టింపు లేదనీ, ఎవరితో, ఏ సమయంలో, దేనికి బదులుగా అన్నదే దానికి ముఖ్యమనీ అప్పుడే తెలిసింది.

చౌ వెళ్లాక రెండు దేశాల అధికారులు పెకింగ్, దిల్లీ, రంగూన్‌లలో నెలల తరబడి కూర్చుని రికార్డులు ముందేసుకున్నారు. రాజీ కుదరలేదు గానీ ఆ చర్చలు మనకు ఒక మేలు చేశాయి. చైనా కోరేది ఎంతవరకో కాగితం మీదికి వచ్చింది. 1956 నాటి పటంలోని గీతకూ, 1960లో అధికారులకు ఇచ్చిన గీతకూ తేడా ఉంది. రెండోది మరికాస్త పడమరకు జరిగింది. ఇలా జరిపారని ఈ రోజు మనం చూపగలుగుతున్నామంటే రెండూ లిఖితపూర్వకంగా ఉండబట్టే.

1962 యుద్ధం తర్వాత పాతికేళ్లకు పైగా గడ్డకట్టిన సంబంధాలను 1988 డిసెంబరులో రాజీవ్ గాంధీ బీజింగ్ పర్యటన కరిగించింది. ఆ దారిలో అసలైన అడుగు వేసింది మన తెలుగువాడు పి.వి. నరసింహారావు. 1993 సెప్టెంబరు 7న ఆయన సమక్షంలో బీజింగ్‌లో సంతకాలైన శాంతి సుస్థిరతల ఒప్పందంలోనే వాస్తవాధీన రేఖ అన్న మాట మొదటిసారిగా రెండు దేశాలూ సంతకం చేసిన పత్రంలోకి ఎక్కింది. అప్పటి పరిస్థితి గుర్తుంచుకోవాలి. సోవియట్ యూనియన్ కూలిపోయింది. విదేశీ మారక నిల్వలు అడుగంటి బంగారం కుదువ పెట్టిన రోజులు దాటి రెండేళ్లే అయింది. కశ్మీర్ మండుతోంది. ఉత్తరాన నిశ్చింత ఉంటే తప్ప సంస్కరణలు నిలవవని పీవీకి తెలుసు. అలాగని గీతను మన హద్దుగా ఒప్పుకుంటే ఆక్సాయ్ చిన్ వదులుకున్నట్టే. అందుకే ఈ రేఖ ప్రస్తావన సరిహద్దుపై ఎవరి వైఖరికీ భంగం కలిగించదని ఆ ఒప్పందంలోనే రాయించారు. హక్కు వదలకుండా ప్రశాంతత సాధించడం ఆయన పద్ధతి.

ఆ ఒప్పందం గురించి చెప్పేవాళ్లు సాధారణంగా ఇక్కడ ఆగిపోతారు. అందులో ఇంకో సగం ఉంది. రేఖ ఎక్కడన్నదానిపై భిన్నాభిప్రాయం ఉన్న చోట్ల అవసరమైనప్పుడు ఇద్దరూ కలిసి పరిశీలించి నిర్ణయించాలని రాసుకున్నారు. 1996 నవంబరులో చైనా అధ్యక్షుడు జియాంగ్ జెమిన్ దిల్లీ వచ్చినప్పుడు కుదిరిన రెండో ఒప్పందం ఇంకా స్పష్టంగా మాట్లాడింది. రేఖపై ఉమ్మడి అవగాహన వస్తే తప్ప ఈ ఒప్పందంలోని కొన్ని నిబంధనలు పూర్తిగా అమలు కావని పదో అధికరణం బాహాటంగా ఒప్పుకుంది. వీలైనంత త్వరగా మొత్తం రేఖపై ఎవరి అవగాహనను చూపే పటాలు వాళ్లు ఇచ్చిపుచ్చుకోవాలని ఆదేశించింది. అంటే తుపాకులు పేల్చకూడదు, బలగాలు తగ్గించాలి వంటి కట్టుబాట్లన్నీ ఒక పునాది మీద కట్టారు. ఆ పునాది పటాల మార్పిడి.

పునాది మాత్రం పడలేదు. పెద్దగా పేచీ లేని మధ్య విభాగం పటాలు 2000 నవంబరులో చేతులు మారాయి. 2002 జూన్‌లో పశ్చిమ విభాగం వంతు వచ్చింది. పటాలు బయటికి తీశారు. మన పటం చూసిన చైనా ప్రతినిధులు మార్పిడికి నిరాకరించారు. తూర్పు విభాగం దాకా వెళ్లనే లేదు. అక్కడితో ఆ పని ఆగిపోయింది. ఆ తర్వాత లద్దాఖ్‌లో జరిగిన ప్రతి ప్రతిష్టంభనకూ మూలం ఆ గదిలో వెనక్కి తీసుకున్న కాగితంలో కనిపిస్తుంది.

మన తప్పు కూడా ఇక్కడే ఉంది. 2003లో వాజ్‌పేయి బీజింగ్ వెళ్లినప్పుడు రాజకీయ స్థాయిలో అసలు సరిహద్దునే తేల్చేద్దామని ప్రత్యేక ప్రతినిధుల యంత్రాంగం పెట్టారు. మొదట మన తరఫున బ్రజేశ్ మిశ్రా, చైనా తరఫున దాయ్ బింగ్వో కూర్చున్నారు. పెద్ద పరిష్కారమే వస్తుంటే చిన్న గీతల గొడవ ఎందుకన్న భావన దిల్లీలో పాకింది. 2005 ఏప్రిల్‌లో చైనా ప్రధాని వెన్ జియాబావ్ వచ్చినప్పుడు రాజకీయ ప్రాతిపదికలపై ఒప్పందం కుదిరింది. సరిహద్దు ప్రాంతాల్లో స్థిరపడిన ప్రజల ప్రయోజనాలను కాపాడాలన్న ఏడో అధికరణం అరుణాచల్‌లోని తవాంగ్‌ను దృష్టిలో పెట్టుకుని మనం సాధించుకున్నదే. రెండేళ్లు తిరిగేసరికి, జనావాసం ఉన్నంత మాత్రాన తమ వైఖరి మారదని చైనా తేల్చి చెప్పింది. పెద్ద పరిష్కారం అలా ఎండమావి అయింది. చిన్న పనిని మాత్రం ఎవరూ మళ్లీ చేతిలోకి తీసుకోలేదు. నరేంద్ర మోదీ 2015 మేలో బీజింగ్‌లోని చింగ్‌హువా విశ్వవిద్యాలయంలో మాట్లాడుతూ రేఖను స్పష్టం చేసుకుందామని నేరుగా అడిగారు. సరైన మాట, సరైన చోట అన్నారు. కొద్ది రోజులకే చైనా అధికారులు అది దారికి అడ్డంకి అవుతుందని కొట్టిపారేశారు. అలా కొట్టిపారేసినా మనవైపు నుంచి ఒత్తిడి కొనసాగించవలసింది. కొనసాగలేదు.

2013లో దెప్సాంగ్, 2014లో చుమార్, 2017లో డోక్లాంలో 73 రోజుల ఎదురుబొదురు. చివరికి 2020 జూన్ 15 రాత్రి గల్వాన్. ఇరవై మంది భారతీయ సైనికులు అమరులయ్యారు. 1975 తర్వాత ఈ రేఖ మీద ప్రాణాలు పోవడం అదే మొదలు. చైనా తమవైపు నలుగురు చనిపోయారని ఎనిమిది నెలలకు ప్రకటించింది. పదహారో బిహార్ బెటాలియన్‌కు నాయకత్వం వహిస్తూ నేలకొరిగిన కర్నల్ సంతోష్ బాబు మన సూర్యాపేట బిడ్డ. ఆయన భౌతికకాయం ఊరికి వచ్చిన రోజు దారి పొడవునా నిలబడిన జనాన్ని తెలంగాణ మరచిపోలేదు. తుపాకులు ఉన్నా పేల్చకూడదన్న పాత కట్టుబాటు పాటిస్తూ రాళ్లకు, మేకులు కొట్టిన కర్రలకు, గడ్డకట్టే నదీ జలాలకు బలైన సైనికులు వాళ్లు. నిబంధన పాటించారు. ఆ నిబంధన నిలబడవలసిన గీతను మాత్రం దౌత్యం వాళ్లకు ఇవ్వలేదు. ఆ వారమే గల్వాన్ లోయ అంతా తమదని చైనా ప్రకటించింది. అది అతిశయించిన, నిలవని వాదన అనీ, చైనా గత వైఖరికే విరుద్ధమనీ మన విదేశాంగ శాఖ బదులిచ్చింది. గతంలో వాళ్లు ఏమన్నారో చూపగలిగే రికార్డు ఉండటం ఎంత విలువైనదో ఆ బదులులోనే ఉంది.

తర్వాతి నాలుగేళ్ల చర్చలను తక్కువ చేయలేం. లద్దాఖ్ సరిహద్దులోని చుషుల్–మోల్దో దగ్గర కోర్ కమాండర్లు 21 విడతలు కూర్చున్నారు. కొన్ని విడతలు తెల్లవారేదాకా సాగాయి. గల్వాన్, పాంగాంగ్, గోగ్రా, హాట్‌స్ప్రింగ్స్ ఒక్కొక్కటిగా తేలాయి. దెప్సాంగ్, డెమ్‌చోక్‌లపై 2024 అక్టోబరు 21న ఒప్పందం కుదిరింది. రెండు రోజులకే కజాన్‌లో మోదీ, షీ జిన్‌పింగ్ కలుసుకున్నారు. ఓపికతో, తొందరపడకుండా, సైన్యాన్ని కదలకుండా నిలబెట్టి సాధించిన ఫలితం ఇది. ఆ అధికారులకూ దౌత్యవేత్తలకూ దేశం రుణపడి ఉంది.

అయితే ఆ ఫలితానికి చెల్లించిన మూల్యం చుషుల్ వాళ్లను అడిగితే తెలుస్తుంది. దెప్సాంగ్, డెమ్‌చోక్ కన్నా ముందు తేలిన చోట్ల ఇద్దరూ వెనక్కి తగ్గి మధ్యలో ఎవరూ తిరగకూడని బఫర్ జోన్లు ఏర్పాటు చేశారు. పాంగాంగ్ ఉత్తర గట్టున మన సైన్యం మూడో వేలు దగ్గరి ధన్ సింగ్ థాపా పోస్టుకు పరిమితమైంది. అంతకుముందు ఎనిమిదో వేలు దాకా గస్తీ వెళ్లేవాళ్లం. తూర్పు లద్దాఖ్‌లోని చాంగ్‌థాంగ్ పశువుల కాపరులకు ఈ మేరలు ఖాళీ నేల కాదు. చలికాలంలో మంచు పలుచగా పడే పచ్చిక బయళ్లు అవి. పష్మీనా మేకలు ఈనే రోజుల్లో మందను నిలబెట్టే చోట్లు. తమ మేత భూములు పోయాయని స్థానిక కౌన్సిలర్లు బహిరంగంగా చెబుతూనే ఉన్నారు. 2024 జనవరిలో కాపరులు చైనా సైనికులకు ఎదురు నిలిచి ఇది మా మేత భూమి అని వాదించిన వీడియో దేశమంతా చూసింది. ఒక కాపరి ఏటా మందను తోలుకెళ్లడమే ఆ నేల మనదనడానికి బలమైన సాక్ష్యం. ఆ రాకపోకలు ఏళ్ల తరబడి ఆగిపోతే తాత్కాలికమన్న బఫర్ జోనే కొత్త యథాతథ స్థితి అయి కూర్చుంటుంది.

ఇప్పుడు ఎర్లీ హార్వెస్ట్ దగ్గరికి వద్దాం. చైనా చాలాకాలంగా ముందు సిక్కిం తేల్చుకుందాం అంటోంది. 1890లో కలకత్తాలో బ్రిటన్‌కూ చైనాకూ కుదిరిన ఒప్పందం ఉంది కాబట్టి అది సులువని చెబుతోంది. వినడానికి బాగానే ఉంటుంది. కానీ ఆ ఒప్పందం గిప్‌మోచి శిఖరం దగ్గర సరిహద్దు మొదలవుతుందంటుంది. జలవిభాజక రేఖను బట్టి చూస్తే మూడు దేశాల కూడలి దానికి ఉత్తరాన బటాంగ్ లా దగ్గర ఉండాలన్నది మన వాదన, భూటాన్ వాదన. గిప్‌మోచి ఒప్పుకుంటే డోక్లాం పీఠభూమి చైనాకు వెళ్తుంది. అక్కడి జంఫేరీ గట్టు ఎక్కితే కింద ఈశాన్య రాష్ట్రాలను మిగతా దేశానికి కలిపే సిలిగురి కారిడార్ కనిపిస్తుంది. కూడళ్లను మూడో దేశాన్ని సంప్రదించే తేల్చాలని 2012లో ఇద్దరూ అంగీకరించారు. భూటాన్‌తో చైనా విడిగా చర్చలు సాగిస్తోంది కూడా. కాబట్టి సిక్కింలో మొదటి పంట కోయడం తప్పు కాదు గానీ, కూడలిని పక్కన పెట్టి మిగిలిన గీతకే పరిమితం కావాలి. అంతకన్నా ముఖ్యంగా, సిక్కిం తేలింది కదా అని లద్దాఖ్‌ను మరో తరానికి వాయిదా వేయనివ్వకూడదు.

పటాలు మార్చుకోవడం మనకే నష్టమని వాదించేవాళ్లు ఉన్నారు. పటం ఇస్తే ఇద్దరూ అత్యాశతో గీస్తారని, ఆ గీతలే తర్వాత గట్టిపడి రాజీకి అడ్డొస్తాయని ఒక వాదన. రేఖను ఒప్పుకుంటే ఆక్రమణను ఒప్పుకున్నట్టే అన్నది ఇంకోటి. 1959 నవంబరు 7న చౌ ఎన్ లై రాసిన లేఖలోని గీతను 2020 సెప్టెంబరులో చైనా మళ్లీ ముందుకు తెచ్చినప్పుడు ఈ రెండో భయం ఎంత నిజమో అందరికీ కనిపించింది. దాన్ని దిల్లీ వెంటనే తిరస్కరించింది, సరిగానే చేసింది. కానీ ఇద్దరి పటాలూ బల్ల మీద ఉంటే అత్యాశ ఎవరిదో, ఎక్కడో, ఎంతో తెలుస్తుంది. ఇద్దరి గీతలూ కలిసే చోట్ల రేఖను వెంటనే ఖాయం చేసుకోవచ్చు. వేరుపడే చోట్ల ఎవరు, ఎప్పుడు, ఎంతమంది గస్తీ వెళ్లాలో రాసుకోవచ్చు. దెప్సాంగ్, డెమ్‌చోక్‌లలో 2024 తర్వాత జరుగుతున్నది అదే. అక్కడ సాధ్యమైనది మిగతా చోట్ల ఎందుకు కాదు? ఇక హక్కు సంగతి అంటారా, పీవీ కాలంలోనే దానికి రక్షణ రాసుకున్నాం. అదే వాక్యం పటాలకూ వర్తిస్తుంది.

అసలు చైనా ఎందుకు ఒప్పుకుంటుంది అన్న ప్రశ్న న్యాయమైనదే. అస్పష్టత బలవంతుడికి ఎప్పుడూ లాభమే. రోడ్లు, గ్రామాలు, విమానాశ్రయాలు ముందుగా కట్టుకున్న వాడు నెమ్మదిగా ముందుకు జరగవచ్చు. అరుణాచల్ ఊళ్లకు కొత్త పేర్లు పెట్టడం, 2022 జనవరి 1 నుంచి సరిహద్దు భూ చట్టాన్ని అమలు చేయడం ఆ ధోరణే. అయినా చైనా రాజీపడిన సందర్భాలు ఉన్నాయి. రష్యాతో (అప్పటి సోవియట్ యూనియన్‌తో) 1969లో ఉస్సూరీ నది దీవి మీద రక్తపాతం జరిగింది. 1991లో ప్రధాన ఒప్పందం, 2004లో అనుబంధ ఒప్పందం కుదిరి, 2008లో దీవుల పంపకం పూర్తయింది. నలభై ఏళ్లు పట్టింది. పెద్ద దీవిని సగానికి పంచుకున్నారు. పద్నాలుగు భూసరిహద్దు దేశాల్లో పన్నెండింటితో చైనా హద్దు తేల్చుకుంది. మిగిలినవి భారత్, భూటాన్ రెండే. అవతలివాడు తనకు సమానంగా నిలబడగలడని నమ్మినప్పుడే చైనా పటం తీస్తుందని ఆ అనుభవం చెబుతుంది. 2020 తర్వాత మనం లద్దాఖ్‌లో వేసిన రోడ్లు, తవ్విన సొరంగాలు, నిలబెట్టిన బలగాలు చర్చలకు అడ్డు కావు. బల్ల దగ్గర మన మాటకు బరువు ఇచ్చేవి అవే.

ఆర్థికంగా మాత్రం ఆ సమానత్వం లేదు. 2024–25లో చైనాతో మన వాణిజ్య లోటు 9,900 కోట్ల డాలర్లు దాటింది. హైదరాబాద్ చుట్టుపక్కల మందుల కంపెనీలు ముడి రసాయనాలకు ఇప్పటికీ చైనా మీదే ఎక్కువగా ఆధారపడుతున్నాయి. సరిహద్దులో ఉద్రిక్తత పెరిగిన ప్రతిసారీ ఈ ఆధారపడటం మన బేరాన్ని బలహీనపరుస్తుంది. లద్దాఖ్ మంచులో తేలవలసిన విషయంలో జీడిమెట్ల, పటాన్‌చెరు కార్ఖానాలకూ పాత్ర ఉంది.

ఇంకో లోటు ఇంట్లోనే ఉంది. 2020 నుంచి ప్రభుత్వం పార్లమెంటులో ప్రకటనలు చేసింది. ప్రతిపక్షాలు పదేపదే అడిగినా సమగ్ర చర్చకు మాత్రం ఒప్పుకోలేదు. చర్చల్లో రహస్యం అవసరమే, కాదనను. కానీ ఏ ఒప్పందమైనా చివరికి ఇచ్చిపుచ్చుకోవడమే. ఏం ఇవ్వవచ్చో, ఏం ఇవ్వకూడదో దేశం ముందుగా ఆలోచించుకోకపోతే, 1960లో నెహ్రూకు ఎదురైన పరిస్థితే రేపు ఏ ప్రధానికైనా ఎదురవుతుంది. చేతిలోకి వచ్చిన రాజీని ఇంట్లో వాళ్లకు చెప్పుకోలేక వదిలేయవలసి వస్తుంది.

ప్రత్యేక ప్రతినిధుల తర్వాతి విడత చైనాలో జరగాలి. అక్కడికి డోభాల్ తీసుకెళ్లవలసిన కోరికలు పెద్దవేమీ కావు, చాలావరకు రెండు ప్రభుత్వాలూ ఎప్పుడో సంతకం చేసినవే. కొత్త నిపుణుల బృందం పని సిక్కింతో పాటు పశ్చిమ విభాగంతోనూ మొదలుకావాలి. 2002లో ఆగిన చోటి నుంచి పటాల మార్పిడి తిరిగి సాగాలి. మొత్తం 1,597 కిలోమీటర్లు ఒక్కసారి కుదరకపోతే పాంగాంగ్ ఉత్తర గట్టు, హాట్‌స్ప్రింగ్స్ వంటి ఒకటి రెండు ముక్కలతోనైనా సరే. 1996 ఒప్పందంలోని పదో అధికరణాన్ని అమలు చేయడానికి తేదీ పెట్టాలి. బఫర్ జోన్లకు గడువు రాయాలి, ఆ గడువు రాకముందే కాపరుల మందలకు దారి ఇవ్వాలి. ఆ తర్వాతే ఇరువైపులా మోహరించిన దాదాపు 50 వేల మంది చొప్పున సైన్యాన్ని వెనక్కి తీసుకెళ్లే మాట. ఆ వరుస తారుమారైతే, గీత ఎక్కడుందో తెలియకుండా కట్టుబాట్లు రాసుకున్న తప్పు మనం రెండోసారి చేసినట్టవుతుంది.